మా బతుకమ్మను మా చేతులకివ్వండి: మున్సిపాలిటీకి, ఉత్సవ కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి, చైర్‌పర్సన్ గారికి, వార్డు కౌన్సిలర్లకు, చెరువు కట్ట బతుకమ్మ ఉత్సవ కమిటీ పెద్దలకు,

నమస్కారం.

నేను ఈ పట్టణంలోనే పుట్టి పెరిగాను. కూరగాయల మార్కెట్ వెనక సందులో పద్దెనిమిదేళ్లుగా టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. మీలో కొందరి ఇళ్లకు నేను కుట్టిన జాకెట్లే పోతాయి. వినాయకుడి నిమజ్జనం అయిపోయింది, బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గరికొచ్చింది. మొన్న మీరు ఏర్పాట్ల మీద మీటింగ్ పెట్టుకున్నారట. ఈసారి పోయినేటి కంటే పెద్ద బతుకమ్మ, పెద్ద స్టేజీ, పెద్ద సౌండ్ పెట్టాలని అనుకున్నారట. టెండరు ఇంకా కాలేదంటున్నారు. అయ్యేలోపు నా మాట మీ చెవిన పడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయినేడు సద్దుల బతుకమ్మ రాత్రి ఏం జరిగిందో చెప్తాను. మా వీధి నుంచి ఇరవై ఇద్దరం, పదకొండు బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని చెరువు కట్టకు వచ్చాం. మైదానం నడుమ ఇనుప ఫ్రేము మీద కట్టిన బతుకమ్మ నిలబడి ఉంది. రెండంతస్తుల ఇల్లంత ఎత్తు. లైట్లు బాగా పెట్టారు, అబద్ధం ఎందుకు చెప్పాలి, దూరం నుంచి చూస్తే కళ్లు జిగేల్‌మన్నాయి. దగ్గరికి పోయి చూస్తే కింది వరసలన్నీ థర్మకోల్ రింగులకు అతికించిన ప్లాస్టిక్ బంతిపూలు. చుట్టూ బారికేడ్లు. మేం తెచ్చిన బతుకమ్మలను బారికేడ్ల బయట, చెప్పులు విడిచే చోటు పక్కన పెట్టమన్నారు. పెద్దది ఎవరు పేర్చారని అడిగితే, మండపాలు కట్టే డెకరేషన్ వాళ్లు నలుగురు రెండు రోజులు కష్టపడి కట్టారని చెప్పారు. ఆ నలుగురిని నేనేమీ అనను. కూలి పని, ఒప్పుకున్నట్టు చేసి పోయారు.

మా వీధిలో పాట చెప్పే అవ్వ ఒకామె ఉంది. డెబ్బై దాటింది. మోకాళ్లు సహకరించవు, అయినా తొమ్మిది రోజులూ వస్తుంది. ఆ రాత్రి మేం బయటే మా పదకొండు బతుకమ్మల చుట్టూ గుండ్రంగా నిలబడ్డాం. అవ్వ పాట ఎత్తుకుంది. అదే సమయానికి స్టేజీ పక్కనున్న బాక్సుల్లో డీజే పాట మొదలైంది. నేను అవ్వకు మూడు అడుగుల దూరంలో ఉన్నాను. ఆమె పెదాలు కదులుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, ఒక్క మాటా వినపడటం లేదు. మేం పెదాలు చూసి అందుకోవాలని చూశాం. రెండు చరణాలు అలా నడిచాయి. తర్వాత అవ్వ చప్పట్లు ఆపి కొంగుతో మూతి తుడుచుకుని నన్ను అడిగింది: "మనం ఆడెతందుకు వచ్చినమా, చూసెతందుకు వచ్చినమా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఏడాది నుంచీ ఆ ప్రశ్న నా మిషన్ పక్కనే కూర్చుని ఉంది. జవాబు చెప్పగలిగిన వాళ్లు మీరే.

ఒక బతుకమ్మ ఎలా తయారవుతుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఏర్పాట్ల మీటింగ్‌లో కూర్చునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. మీలో చాలామంది చిన్నప్పుడు పూలు కోసుకొచ్చి గడపలో పోసిన వాళ్లే, కానీ పక్కన కూర్చుని పేర్చి ఉండరు.

మా చిన్నప్పుడు మా నాన్న, బాబాయి తెల్లవారకముందే సంచులు పట్టుకుని చెలకల మీదికి పోయేవారు. గునుగు, తంగేడు, కట్లపూలు తెచ్చేవారు. బంతి, చామంతి పెరట్లో ఉండేవి, గుమ్మడిపువ్వు ఎవరి పాదు మీద ఉంటే వాళ్లను అడిగి తెచ్చుకునేవాళ్లం. వాకిట్లో చాప పరిచి కుప్ప పోయగానే ఎదురింటి అత్త, పక్కింటి చిన్నమ్మ, వాళ్ల పిల్లలు అందరూ చేరేవారు. ముందు గునుగు పని. ఆకు దూసేయాలి, కాడలు ఒకే పొడవుకు కత్తిరించాలి, నాలుగైదు కలిపి దారంతో చిన్న కట్ట కట్టాలి. ఇది పిల్లల పని. కట్టిన తలలను రంగు నీళ్లలో ముంచి గోడకు ఆనించి ఆరబెట్టాలి. ఒక గిన్నెలో ఎరుపు, ఒక గిన్నెలో నీలం, ఇంకోదాంట్లో ఆకుపచ్చ. కొన్ని ముంచకుండా తెల్లగానే వదలాలి, తెలుపు పక్కన లేకపోతే మిగతా రంగులు వెలగవు. రెండు మూడు రోజుల దాకా వేళ్ల రంగు పోయేది కాదు. బడిలో ఎవరి చేతులు చూసినా వాళ్లింట్లో ఏ రంగు కలిపారో తెలిసిపోయేది.

తాంబాళంలో గుమ్మడాకులు పరిచి మొదటి వరస తంగేడుతో మొదలుపెట్టేది అమ్మ. తంగేడు దొరక్కపోతే ఆ రోజంతా ఆమె ముఖం చిన్నబోయేది. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక తంగేడును రాష్ట్ర పువ్వు చేశారని టీవీలో చెప్పినప్పుడు ఆమె లేచి పెరట్లోకి పోయి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి, మళ్లీ గునుగు రంగు మార్చి, ఇలా వరస వరసకూ కొంచెం లోపలికి జరుపుకుంటూ పోవాలి. చూసేవాళ్లకు బయటి పూలే కనపడతాయి, అసలు విద్య లోపల ఉంది. కత్తిరించిన గునుగు కాడలు, తంగేడు ఆకు ముక్కలు చేసి ప్రతి వరస తర్వాత నడుమ నింపి అరచేత్తో అదమాలి. ఎక్కువ అదిమితే వరస బయటికి జారుతుంది. తక్కువ అదిమితే నెత్తిన పెట్టుకుని నడిచేటప్పుడు కూలుతుంది. ఒకరు పేరుస్తుంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు రెండు చేతులతో పట్టుకుని తాంబాళాన్ని తిప్పుతుండాలి. ఒంటరిగా చేయలేమని కాదు, చేస్తే వంకర వస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లకే ఆ వంకర కనపడుతుంది. చివర గుమ్మడిపువ్వు పెట్టి, పసుపు గౌరమ్మను నిలిపి, అగరుబత్తి గుచ్చేసరికి సాయంత్రం అయ్యేది.

పోయినేడు మా ఇంటి బతుకమ్మకు ఎన్ని చేతులు పడ్డాయో కూర్చుని లెక్కపెట్టాను. పూలు తెచ్చిన మా తమ్ముడు, వాడికి చేను గట్టు చూపించిన రైతు, కట్టలు కట్టిన పిల్లలు నలుగురు, రంగు కలిపిన మా ఆడపడుచు, పేర్చిన నేను, తాంబాళం తిప్పిన పక్కింటి అక్క, గుమ్మడిపువ్వు ఇచ్చిన వెనకింటి ముస్లిం చెల్లె. పదిమంది. మా వీధిలో పదకొండు బతుకమ్మలకు ఎంతమంది అయ్యారో మీరే లెక్క వేసుకోండి. అంతమంది చేసిన పనిని తెచ్చి చెప్పుల పక్కన పెట్టాం.

ఇక పాట. పువ్వుల సంగతి కంటే నా బాధ పాట గురించే ఎక్కువ.

బతుకమ్మ పాటకు కాగితం లేదు. ఒకామె ఒక చరణం చెప్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు చివర ఉయ్యాలో అనో చందమామ అనో అందుకుంటారు. వంగి చప్పట్లు కొట్టి ఒక అడుగు పక్కకు వేసేలోపు చెప్పేవాళ్లకు తర్వాతి చరణం గుర్తుకు రావాలి, రాకపోతే అప్పటికప్పుడు కట్టాలి. అందరూ తిరిగి అనే ఆ కొద్ది క్షణాలే ఆమెకు దొరికే టైమ్. అత్తగారింటికి పోయిన బిడ్డ కథ, చెల్లెను చూడ్డానికి వచ్చిన అన్న కథ, తెగిన చెరువు కట్ట కథ, ఇవన్నీ ఇలా నోటి నుంచి నోటికి వచ్చినవే. చెప్పేవాళ్లు మారినప్పుడల్లా ఒక మాట చేరుతుంది, ఒక మాట జారిపోతుంది. ఇది ఏ ఒక్కరి పాటా కాదు కాబట్టే ఎవరైనా ఒక చరణం కలపొచ్చు.

మీకు గుర్తుందో లేదో, చాలా ఏళ్ల కింద ఒక ఏడు ఎండాకాలం నుంచి మా వాడకు నల్లా నీళ్లు సరిగ్గా రాలేదు. ఆ ఏడు అట్ల బతుకమ్మ రోజు ఇదే అవ్వ, పాత కథ ఒకటి చెప్తూ చెప్తూ నడుమ ఈ మాటలు వేసింది:

నల్ల తిప్పి చూస్తె ఉయ్యాలో
గాలి తప్ప లేదు ఉయ్యాలో
బిందెల వరస చూడు ఉయ్యాలో
బజారంత ఉంది ఉయ్యాలో

మేం నవ్వుకుంటూనే అందుకున్నాం. అప్పటి కౌన్సిలర్ గారి భార్య కూడా ఆ వలయంలోనే ఉంది, ఆమె కూడా అందుకుంది. మర్నాడు పొద్దున వాల్వ్ తిప్పే ఆయనను వెంటబెట్టుకుని కౌన్సిలర్ గారు మా వాడకు వచ్చారు. దరఖాస్తు పెట్టి నాలుగు నెలలు తిరిగినా జరగని పని అది. బతుకమ్మ దగ్గర ఆడవాళ్లు ఏం మాట్లాడుకుంటారో వినే పెద్దలు అప్పుడు ఉన్నారు, ఇప్పుడు కూడా ఉన్నారని నమ్మే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2011 సంగతి మీ అందరికీ తెలుసు. సెప్టెంబర్ 13న మొదలై ప్రత్యేక తెలంగాణ కోసం 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె నడుమ ఆ ఏటి బతుకమ్మ వచ్చింది. ఆఫీసుల ముందు, నడిరోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడాం. అప్పుడు మాకు స్టేజీ లేదు, బాక్సులు లేవు. ఒక వలయంలో పాట అయిపోతే పక్క వలయం నుంచి ఎత్తుకునేవాళ్లం. రాష్ట్రం గురించి ఆ రోజుల్లో ఎన్ని చరణాలు పుట్టాయో, వాటిలో ఎన్ని రాసిపెట్టకుండానే పోయాయో. రాష్ట్రం వచ్చాక ఇదే బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు. ఆ గౌరవం దక్కింది ఆ వలయాల్లో నిలబడి గొంతు చించుకున్న ఆడవాళ్ల వల్ల కదా. వాళ్ల గొంతే ఇప్పుడు వినపడకపోతే ఎలా?

డీజే పెడితే ఆడపిల్లలు ఎక్కువమంది వస్తారని కమిటీలో ఒకాయన నాతో అన్నారు. నిజమే, వస్తారు. మా అక్క కూతురు కూడా వస్తుంది, కోలాటం స్టెప్పులు వేస్తుంది, ఫోన్‌లో వీడియో తీసుకుంటుంది. దాని ఆనందాన్ని నేను తప్పు పట్టను. కానీ దానికి బతుకమ్మ పాట ఒక్కటీ పూర్తిగా రాదు. నేర్చుకునే చోటు లేదు మరి. నేను ఏ బడిలోనూ ఈ పాటలు నేర్చుకోలేదు. వలయంలో మా అమ్మకూ పెద్దమ్మకూ నడుమ నిలబడి, తెలియని మాట దగ్గర నోరు ఊరికే కదిపి, తెలిసిన మాట దగ్గర గట్టిగా అరిచి నేర్చుకున్నాను. బాక్సుల ముందు నిలబడిన పిల్లకు ఆ అవకాశం లేదు. రికార్డు పాట ఎవరి కోసమూ ఆగదు, ఎవరినీ అందుకోమని అడగదు. ఇంకో పదేళ్లు ఇలాగే నడిస్తే అవ్వ పోతుంది, ఆమెతో పాటు ఆమె దగ్గరున్న పాటలన్నీ పోతాయి. మా వీధిలో ఆమె తర్వాత పాట చెప్పగలిగిన వాళ్లం ముగ్గురమే ఉన్నాం, నాకైతే సగం సగమే వచ్చు.

చట్టం సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అయినా గుర్తు చేస్తున్నాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగటి పరిమితి 55 డెసిబెల్స్, బహిరంగ స్థలంలో మైకు పెట్టినా హద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి మీద 10 ఎక్కువ లేదా 75, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు, ప్రభుత్వం పండుగలకు ప్రత్యేకంగా సడలిస్తే తప్ప రాత్రి 10 దాటాక ఆరుబయట పెట్టకూడదు. పోయినేడు చెరువు కట్ట దగ్గర ఇళ్ల కిటికీల అద్దాలు అదిరాయి.

పండుగ గొప్పగా చేయొద్దని నేను అనడం లేదు. 2016 అక్టోబర్ 8న హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో 9,292 మంది ఆడవాళ్లు ఒక్కచోట బతుకమ్మ ఆడి గిన్నిస్ రికార్డు కొట్టినప్పుడు షాపులో మిషన్ ఆపి టీవీ చూశాను, ఒళ్లు పులకరించింది. ఆ రికార్డు లెక్క ఏమిటో ఒకసారి చూడండి. ఎంతమంది కలిసి ఆడారన్నదే వాళ్లు లెక్కపెట్టారు. హన్మకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు, పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు వచ్చే జనాన్ని చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు, అక్కడి అందం ఏ ఒక్క బతుకమ్మదీ కాదు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకటి కొంచెం ఒరిగింది, ఒకామె బతుకమ్మ పక్కన చేతివేలంత బొడ్డెమ్మ లాంటిది ఆమె కూతురు పేర్చినది. అన్నీ పక్కపక్కన చేరితేనే నేల మీద పూల తోట పరిచినట్టు ఉంటుంది. మన దగ్గర ఆ తోటను బయటికి నెట్టి నడుమ ఒక్కదాన్ని నిలబెట్టారు.

మూడేళ్లుగా ఇస్తున్న ఎత్తైన బతుకమ్మ బహుమతి కూడా మంచి ఉద్దేశంతో పెట్టిందే అనుకుంటున్నాను. కానీ దాని వల్ల మా వీధిలో ఏం జరిగిందో చూడండి. అంతకుముందు పువ్వులు ఒక్కచోట పోసి అందరం పంచుకునేవాళ్లం. బహుమతి మొదలైన ఏడాదే ఇద్దరు తలుపులు వేసుకుని పేర్చడం మొదలుపెట్టారు. ఒకరు లోపల ప్లాస్టిక్ బకెట్ బోర్లించి పెట్టారని ఇంకొకరు జడ్జీలకు చెప్పారు. రెండు కుటుంబాల మధ్య ఇంకా మాటల్లేవు. ఎప్పుడూ చేతిలో ఉన్నదాంట్లో చిన్న బతుకమ్మ పేర్చుకునే ఒక అక్క, ఇళ్లల్లో పని చేసుకునేది, పోయినేడు అసలు తేనేలేదు. ఎందుకక్కా అంటే, "ఆళ్ల పక్కన నాది పెడితె మంచిగుండదు" అన్నది. ఈ మాట వినడం కోసమా మనం బహుమతులు పెట్టుకున్నది?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. బతుకమ్మ అందరిదీ అని మనం సులువుగా అనేస్తాం. మా అమ్మమ్మ ఊళ్లో ఎవరి వాడలో వాళ్లే ఆడేవారు. దళితవాడ ఆడవాళ్లు గుడి ముందుకు వచ్చేవారు కారు, రానిచ్చేవారు కారు. ఈ పట్టణంలో మా వీధి వలయంలో ఇప్పుడు అన్ని కులాల ఆడవాళ్లూ చేయి చేయి తగులుతూ ఆడుతున్నారంటే అది ఊరికే రాలేదు, ఒక్కో ఇల్లు ఒక్కో గొడవ దాటుకుని వచ్చింది. అలా కష్టపడి దగ్గరికి చేరినవాళ్లను ఎత్తు పేరు మీద, డబ్బు పేరు మీద మళ్లీ విడదీయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

కమిషనర్ గారికి ప్రత్యేకంగా ఒక విన్నపం. మీ దగ్గర పనిచేసే పారిశుద్ధ్య కార్మికుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. సద్దుల నాడు మధ్యాహ్నం నుంచే వాళ్లకు చెరువు కట్ట మీద డ్యూటీ. మేం ఆడుతుంటే వాళ్లు చీపురు పట్టుకుని ఒక పక్క నిలబడి ఉంటారు. పోయినేడు మలీద పంచుతూ ఒకామె చేతిలో పెట్టి, నీ బతుకమ్మ ఏదక్కా అని అడిగాను. ఇంట్లో బిడ్డ పేర్చిందట, తీసుకొచ్చేవాళ్లు లేక గుమ్మం ముందే ఉందట. రాత్రి పదకొండుకు పోయి నల్లా కాడి తొట్టిలో వేస్తానంది. ఆ ఒక్క సాయంత్రం 5 నుంచి 9 దాకా వాళ్లను వదిలేయండి. ఆట అయ్యాక కట్ట ఊడ్చే పని మా వీధుల ఆడవాళ్లం పంచుకుంటాం. ఇప్పటికి నాలుగు వీధుల వాళ్లతో మాట్లాడాను, అందరూ సరేనన్నారు.

మళ్లీ పూల దగ్గరికి వస్తాను. థర్మకోల్ వచ్చిందంటే ఆ తప్పు కమిటీ ఒక్కదానిది కాదని నాకు తెలుసు. పువ్వు దొరకడం లేదు. గునుగు ఎవరూ విత్తేది కాదు. వానకాలం జొన్న చేలల్లో, పత్తి చేలల్లో, గట్ల మీద దానంతటదే వచ్చే కలుపు మొక్క అది. కూలీలు దొరక్క రైతులు గడ్డిమందు కొడుతున్నారు, మొక్కజొన్నలోనైతే విత్తిన వెంటనే అట్రాజిన్ కొడుతున్నారు. గునుగు మొలకలోనే పోతోంది. రైతును ఎలా తప్పు పడతాం, ఆయన బాధ ఆయనది. తంగేడు బీడు భూముల్లో, గుట్టల అంచుల్లో వస్తుంది. మన పట్టణం చుట్టూ ఆ బీళ్లన్నీ ప్లాట్లు అయ్యాయి. మా చిన్నప్పుడు రైలు కట్ట దాటితే తంగేడు పసుపు పరిచినట్టు ఉండేది, ఇప్పుడు అక్కడ హద్దురాళ్లు ఉన్నాయి. పోయినేడు మా తమ్ముడు బండి మీద పన్నెండు కిలోమీటర్లు పోయి తెచ్చాడు. మార్కెట్లో పిడికెడు గునుగు కట్ట 30 రూపాయలకు అమ్మారు. గునుగు కొనుక్కోవాల్సిన రోజు వస్తుందని మా అమ్మకు చెప్తే నమ్మేది కాదు. అమెరికాలో ఉన్న నా స్నేహితురాలు అక్కడి స్టోర్‌లో దొరికే చామంతులతో బతుకమ్మ పేరుస్తుంది. అక్కడ గునుగు లేదు కాబట్టి సరే. ఇక్కడ మన నేల మీద ఉండి మనం కూడా అదే చేయాల్సి వస్తోంది.

దీనికి మున్సిపాలిటీ చేతిలో మందు ఉంది. చెరువు కట్ట వెనక శిఖం (చెరువు ముంపు భూమి) పక్కన మున్సిపాలిటీ స్థలం ఉంది. చెత్త పోసి కుప్పలు పడ్డాయి. ఆ స్థలాన్ని శుభ్రం చేసి తంగేడు నాటించండి. తంగేడు పెద్దగా నీళ్లు అడగని చెట్టు, మేకలు కూడా ఎక్కువ ముట్టవు. గునుగు విత్తనం మేం ఇస్తాం. ఎండిన గునుగు తల అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. పోయినేటి బతుకమ్మ పూలలో ముదురువి ఏరి మా షాపులో రెండు బిస్కెట్ డబ్బాల నిండా దాచిపెట్టాను. వచ్చే తొలకరికి చల్లితే పెత్రమాసకు కోతకు వస్తుంది. పార్కుల్లో పరదేశపు పూల మొక్కల కోసం ప్రతి ఏడూ ఖర్చు పెడుతున్నారు కదా, అందులో కొంత దీనికి పెట్టండి చాలు.

ఈ ఏడుకైతే మా కోరిక చిన్నది. నడుమ పెట్టే ఇనుప ఫ్రేము బతుకమ్మ వద్దు. ఆ డబ్బుతో మైదానం చదును చేయించి, నీళ్లు చల్లించి, చెరువు మెట్ల దగ్గర పట్టుకోవడానికి గట్టి రెయిలింగ్ వేయించండి. పోయినేడు పాచి పట్టిన మెట్టు మీద ఒకామె జారి పడితే పక్కనున్నవాళ్లు జుట్టు పట్టుకుని లాగారు. లైట్లు ఉండనివ్వండి, ఇంకా పెట్టండి, ఇంటికి పోయే దారిలో కూడా పెట్టండి. మంచినీళ్లు, టాయిలెట్లు ఆడవాళ్ల లెక్కకు సరిపడా ఉండాలి. స్టేజీ కావాలంటే ఒక పక్కకు పెట్టుకోండి, ప్రసంగాలు పావుగంటలో ముగించండి. సాయంత్రం 6 నుంచి 9 దాకా డీజే బంద్ చేయండి. పిల్లల సరదా కోసం తర్వాత ఒక గంట తక్కువ సౌండ్‌తో పెట్టుకోండి, మేం కాదనం. ఎత్తు బహుమతి తీసేయండి. ఏదైనా ఇవ్వాలనిపిస్తే బతుకమ్మ తెచ్చిన ప్రతి ఇంటికీ ఒక తంగేడు మొక్క ఇవ్వండి.

ఇక పెద్ద బతుకమ్మ అసలు లేకుండా ఎట్లా అంటారేమో. ఉండాలనే నాకూ ఉంది. అయితే దాన్ని అందరం కలిసి పేరుద్దాం. సద్దుల నాడు పొద్దున మైదానం నడుమ వెదురు తట్ట పెట్టండి. ప్రతి వీధి ఒక వరస పేరుస్తుంది. ఒక వీధి తంగేడు, ఒక వీధి ఎర్ర గునుగు, ఒక వీధి బంతి. మీ ఆఫీసు ఆడవాళ్లు ఒక వరస, పారిశుద్ధ్య కార్మికులు ఒక వరస, కాలేజీ పిల్లలు ఒక వరస. వరసలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, అయినా పరవాలేదు. ఎత్తు ఎంత వస్తే అంత. చేతులు అందే దాకానే పేరుద్దాం, నిచ్చెనలు వద్దు. సాయంత్రం బారికేడ్లు లేకుండా దాని చుట్టూ మా బతుకమ్మలన్నీ పెట్టుకుంటాం. పాట మాత్రం అవ్వే ఎత్తుకోవాలి.

ఈ మాట మా వీధిలో చెప్పినప్పుడు ఎవరికి ఏ పువ్వు వరస కావాలో అప్పుడే పంచుకోవడం మొదలుపెట్టారు. బహుమతి గొడవతో మాటలు మానేసిన ఆ రెండిళ్ల వాళ్లు ఇద్దరూ బంతి వరసే కావాలన్నారు. ఆ వరస ఇద్దరికీ కలిపి ఇచ్చాం.

ఎంగిలిపూల బతుకమ్మ ముందటి ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మేం గునుగు కోతకు పోతున్నాం. పాత బస్టాండు దగ్గర మర్రిచెట్టు కింద కలుస్తాం, రెండు ఆటోలు మాట్లాడాం. మీ ఇళ్లల్లోని ఆడవాళ్లను పంపించండి, మీరూ రండి. కొడవళ్లు, సంచులు మా దగ్గర ఉన్నాయి. జొన్న చేను గట్ల మీద మంచు పడి ఉంటుంది, చెప్పులు మాత్రం గట్టివి వేసుకుని రండి.

ఇట్లు,
మార్కెట్ వెనక సందు టైలరింగ్ షాపు నుంచి
మీ ఊరి ఆడబిడ్డ